పెట్టెలో అక్క గొంతు

జనవరి 9

స్వరపేటిక మొత్తం తీసేయాలట. అక్క బతుకుతుంది, మాట్లాడదు. మెడ కింద ఒక రంధ్రం పెడతారు, ఇక ఊపిరంతా అందులోంచే. డాక్టరు ఇదంతా కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పాడు. బొమ్మ బాగానే గీశాడు.

అంతా విని అక్క అడిగిన మొదటి మాట: "స్కూలు యూనిఫారాలు కుట్టడానికి ఒప్పుకున్నామండీ. అవి ఇచ్చేశాక చేయించుకోకూడదా?"

డాక్టరు నవ్వాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. దారి పొడుగునా తిడుతూనే వచ్చాను. అక్క పక్కన కూనిరాగం తీసుకుంటూ నడుస్తోంది. "గొంతు పోతోందే తల్లీ అంటే పాటలేంటే నీకు?" అన్నాను.

"పోయేలోపు వాడుకోవద్దటే?" అంది.

జనవరి 10

తమ్ముడొచ్చాడు. సంగతి విని ముందుగది దుకాణంలో, కుట్టాల్సిన బట్టల మధ్య కూలబడి ఏడ్చాడు. అక్కే వాడికి మంచినీళ్ళిచ్చి, "ఒరేయ్, ఆ తెల్ల చొక్కా మీద కూర్చున్నావు, లే" అంది.

సాయంత్రం మళ్ళీ వచ్చాడు, చంకలో నల్ల పెట్టె. వాళ్ళింట్లో పాటలు వినే ప్లేయరు. కొత్తది కొన్నాక ఇది అటకెక్కింది. లోపల కంప్యూటర్లో లాగే డిస్కు ఉంటుందట. రేడియోలో వచ్చేదైనా, సీడీలో ఉన్నదైనా అందులోకి ఎక్కించుకోవచ్చు. వెనకాల మైకు తగిలించి ఎర్ర బటన్ నొక్కితే మనం మాట్లాడిందీ ఎక్కుతుంది. మనం తుడిచేదాకా ఉంటుంది.

"అక్క గొంతు ఇందులో దాచుకోండి" అన్నాడు.

"దాచుకోడానికి అదేమన్నా బంగారమా?" అంది అక్క.

నేను మాత్రం పెట్టె అందుకున్నాను. ఇన్నేళ్ళూ ఆ పాట ఆపవే అని గోల పెట్టింది నేనే. కత్తెర పట్టుకున్న మనిషి పక్కన అస్తమానం పాడితే లెక్క తప్పదూ మరి.

జనవరి 12

మైకు ముందు కూర్చోబెడితే అక్కకి నోరు పెగలదు. రోజూ చెవుల తుప్పు వదలగొట్టే మనిషి!

"ఏం పాడనే?"

"ఎప్పుడూ పాడేదే పాడు."

"ఎప్పుడూ ఏం పాడతాను?"

ఏం చెప్పను? అక్క పాటలకి పేర్లుండవు. సగం అమ్మ దగ్గర విన్నవి, సగం కస్టమర్ల మీద తను కట్టినవి. కొలతలప్పుడు పొట్ట లోపలికి లాక్కునే పోలీసాయన మీద ఒకటుంది: ఊపిరి బిగబడితే నడుము తగ్గునా దొరా, ఊపిరి వదిలితే గుండీలు ఎగిరిపోవురా. ఆయన దుకాణంలో ఉండగానే పాడుతుంది. ఆయన తల కూడా ఊపుతాడు.

చివరికి వార్తలు చదివినట్టు ఏదో పాడింది. తిరిగి వింటే అక్కే మొహం చిట్లించింది. "ఎవరే ఈవిడ? ఎవరో పోతే పరామర్శకొచ్చినట్టుంది." తుడిచేశాను.

జనవరి 13

ఇవాళ తెలిసింది. కాళ్ళు. అక్కకి కాళ్ళు ఆడితేగానీ పాట రాదు. ఏళ్ళ తరబడి మిషను తొక్కుతూ పాడిన మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి కానివ్వమంటే ఎక్కణ్ణుంచి వస్తుంది?

మైకు మిషను పక్కన పెట్టి, నీ మానాన నువ్వు కుట్టుకోమన్నాను. కాలరు సగం అయ్యేసరికి పాట దానంతటదే వచ్చేసింది. హమ్మయ్య అనుకున్నాను. తీరా వింటే మిషను చప్పుడే చప్పుడు. అక్క ఎక్కడో రైలుకి అవతలవైపు నిలబడి పాడుతున్నట్టుంది. మైకు దగ్గరగా జరిపితే చప్పుడూ దగ్గరగా వచ్చింది.

జనవరి 14

మిషను బెల్టు తీసేశాను. కాళ్ళు తొక్కుతాయి, కింద చక్రం తిరుగుతుంది, పైన సూది కదలదు. కీళ్ళకి నూనె పోశాను, ఆ కిర్రుమనే చప్పుడూ పోయింది.

ఉత్త మిషను ముందు అక్క కూర్చుంది. అలవాటు కొద్దీ చేతి కింద గుడ్డ కూడా సర్దుకుంది. "మనిద్దర్నీ పిచ్చాసుపత్రిలో చేర్పిస్తారే" అంటూనే తొక్కడం మొదలుపెట్టింది, తొక్కుతూనే ఎత్తుకుంది. నేను ఎర్ర బటన్ నొక్కి గోడకి ఆనుకున్నాను.

పాట మీద పాట. అమ్మవి, తనవి, పోలీసాయనది. కుట్టు పడుతోందో లేదో చూసుకున్నట్టు మధ్యమధ్య గుడ్డ కేసి చూస్తోంది. ఒకచోట నాకు ఆగలేదు, ముక్కు ఎగబీల్చాను. అదీ ఎక్కింది. అక్క పాట ఆపి నా వైపు తిరిగింది.

"ఒసేయ్ గుండుసూదీ, ఆపవే ఇక, కాళ్ళు పీకుతున్నాయి."

గుండుసూది నేనే. చిన్నప్పుడు పెట్టింది ఆ పేరు. పొట్టిగా ఉంటానట, గుచ్చుతానట.

అదీ ఎక్కింది.

జనవరి 18

రేపు ఆపరేషను. పొద్దుట్నుంచీ అక్క గలగలా మాట్లాడుతూనే ఉంది. పక్కింటావిడతో, కూరగాయలబండి అతనితో, బట్టలివ్వడానికి వచ్చిన స్కూలు టీచరమ్మతో. రెండుసార్లు నా దగ్గరికీ వచ్చింది. నేను పెట్టె సరిగ్గా ఉందో లేదో చూసుకుంటున్నాను. రేపటికి ఏదైనా తేడా వస్తే మళ్ళీ పాడించుకోలేం కదా.

జనవరి 20

బాగానే జరిగిందట.

ఫిబ్రవరి 3

ఇంటికి తీసుకొచ్చాం.

నర్సు అన్నీ నేర్పింది. రంధ్రంలో చిన్న గొట్టం ఉంటుంది, అందులో ఇంకో గొట్టం. లోపలిది తీసి కడిగి పెట్టాలి. కఫం గడ్డకట్టి అడ్డుపడితే క్షణం ఆలస్యం చేయకూడదు. "ఈవిడ మిమ్మల్ని పిలవలేరు. మీరే ఓ కన్నేసి ఉంచాలి" అంది. నేను అక్కకి చెల్లెల్నమ్మా, నాకు చెప్పాలా అన్నాను.

అక్క పెదాలు కదుపుతుంది. గాలి రాదు కాబట్టి గుసగుస కూడా ఉండదు. ఏదైనా కావాలంటే చెక్క స్కేలుతో టేబులు మీద కొడుతుంది.

మెడకి అడ్డంగా కట్టుకునే గుడ్డలు తనే కుట్టుకుంది, లైనింగు ముక్కలతో, అంచు మడిచి, సన్నగా. "జబ్బులోనూ సోకులు తగ్గలేదే నీకు" అన్నాను. నవ్వింది. నవ్వుకి కూడా చప్పుడు ఉండదని అప్పుడు తెలిసింది నాకు.

ఫిబ్రవరి 6

అక్కకి వినిపిద్దామని పెట్టె పెట్టాను. మొదటి పాట మొదలవగానే లేచి పెరట్లోకి వెళ్ళింది. గదిలో గాలి ఆడట్లేదేమో.

ఫిబ్రవరి 8

హెడ్‌ఫోన్లు తెచ్చుకున్నాను. అక్క విశ్రాంతిగా ఉన్నప్పుడు చప్పుడెందుకని.

ఫిబ్రవరి 15

మధ్యాహ్నాలు కాసేపు వింటున్నాను. కాసేపే. విచిత్రం ఏంటంటే వింటుంటే కత్తెర తిన్నగా పోతోంది. ఒకప్పుడు ఈ పాటలకే లెక్క తప్పుతోందని దెబ్బలాడేదాన్ని.

పాటల కంటే చివరిదే ఎక్కువ వింటున్నాను. ఒసేయ్ గుండుసూదీ, ఆపవే ఇక. వెనక్కి. ఒసేయ్ గుండుసూదీ.

ఫిబ్రవరి 21

డాక్టరు ఒక చిన్న పరికరం ఇచ్చాడు. మెడకి ఆనించి బటన్ నొక్కి పెదాలు కదిపితే మాటలా వస్తుందట. అక్క దాన్ని పట్టుకుని గదిలోకి పోయి తలుపేసుకుంది. చాలాసేపు ఏదో గుయ్‌మంటూ వినిపించింది. తర్వాత వచ్చి నా ఎదురుగా నిలబడి, అది మెడకి ఆనించి అంది:

"గుం. డు. సూ. ది."

"ఇదేంటే, రేకు డబ్బాలో తుమ్మెద పడ్డట్టుంది!" అన్నాను. నవ్వించడానికే అన్నాను. నవ్వింది కూడా. ఆ పరికరం తీసుకెళ్ళి సొరుగులో పెట్టేసింది. కొత్తలో ఎవరికైనా కష్టమేలే, మెల్లగా అలవాటు చేసుకుంటుంది.

ఫిబ్రవరి 24

తమ్ముడొచ్చి నా చెవుల మీద నుంచి హెడ్‌ఫోన్లు లాగేశాడు.

"చిన్నక్కా, మనిషి పక్కగదిలో ఉంటే ఇందులో ఎవర్ని వింటున్నావు?"

"గొంతు పోయిన బాధ నీకేం తెలుసురా" అన్నాను.

"పోయింది పెద్దక్కకి. తను నిమ్మళంగా కాజాలు కుట్టుకుంటోంది. కందకు లేని దురద కత్తిపీటకెందుకట?"

పెట్టె తెచ్చి చేతిలో పెట్టినవాడే ఈ మాట అంటాడు. టీ కూడా ఇవ్వకుండా పంపించేశాను. అక్క ఇచ్చిందనుకుంటా.

మార్చి 2

రాయలేను.

మార్చి 4

రాయాలి. రాయకపోతే ఇంకోలా గుర్తుపెట్టుకుంటాను, నా సంగతి నాకు తెలుసు.

కత్తిరింపు టేబులు దగ్గర నిలబడి ఉన్నాను, అక్క మిషనుకి వీపు తిప్పి. కోటు గుడ్డ, ఖరీదైనది, అందుకే వింటున్నాను. ఎవరో భుజం పట్టుకుని ఊపేశారు. టీచరమ్మ. ఆవిడ నోరు కదులుతోంది, నాకు వినపడేది పాట. హెడ్‌ఫోన్లు తీశాక అరుపు వినిపించింది.

అక్క నేల మీద ఉంది. పెదాలు నీలంగా ఉన్నాయి. చేతిలో స్కేలు, మధ్యకి విరిగిపోయి.

లోపలి గొట్టం లాగాను. చేతులు వాటంతటవే చేశాయి. గడ్డ ఊడి వచ్చింది. ఊపిరి లోపలికి పోయిన చప్పుడు, ఈలలాగా. మళ్ళీ ఇంకోటి. గొట్టం కడిగి మళ్ళీ పెట్టాను.

టీచరమ్మ నీళ్ళు తెచ్చింది. "వీధిలోకి వినిపిస్తోందండీ ఆ కొట్టుడు. ఎవరో మేకులు దిగ్గొడుతున్నారు అనుకున్నాను. మీరేమో ఇక్కడే..." అని ఆపేసింది. మంచి మనిషి.

అక్క నా తల మీద చెయ్యి వేసి నిమిరింది. నా తల మీద! తిట్టవే అన్నాను. తిట్టలేదు. అంటే, తిట్టిందేమో, నేను తల దించుకుని ఉన్నాను.

నా చెవుల్లో ఆ టైముకి అక్క పాడుతోంది. ఇది ఎవరికీ చెప్పలేదు.

మార్చి 5

హెడ్‌ఫోన్లు చెత్తబండిలో వేశాను. బుద్ధొచ్చింది. ఇక పెడితే పైకే పెడతాను. అప్పుడు పెట్టె వినపడుతుంది, అక్కా వినపడుతుంది.

మార్చి 11

పైకి పెట్టడమే మంచిదైంది. దుకాణం మునుపటిలా ఉంది. అచ్చం మునుపటిలా. పోలీసాయన వచ్చి తన పాటకి తనే తలూపి వెళ్ళాడు.

అక్క చేతిపని తీసుకుని పెరట్లో కూర్చుంటోంది ఎక్కువగా. ఎండ ఒంటికి మంచిదే.

మార్చి 17

కొత్త కస్టమరు, పెద్దమనిషి. కోటు చేతుల పొడుగు సరిచూడ్డానికి అక్కని పిలిచాను. నోట్లో గుండుసూదులు పెట్టుకుని, ఒక్కొక్కటే తీసి మణికట్టు దగ్గర గుచ్చుతోంది. పెట్టెలో అమ్మ పాట వస్తోంది.

"ఎవరండీ పాడేది? గొంతు ఎంత హాయిగా ఉందో! మీకు తెలిసినావిడా?" అన్నాడాయన, అక్కతో.

అక్క తలూపింది, తెలుసన్నట్టు.

"ఇప్పటికీ పాడతారా?"

అక్క తల అడ్డంగా ఊపింది.

నేనూరుకోలేక ఇవతల నుంచి, "ఆవిడేనండీ! మీ చెయ్యి పట్టుకుని ఉన్నావిడే! మా అక్కే!" అన్నాను. నాకు ఎంత గర్వంగా అనిపించిందో.

ఆయన అక్క మెడ కేసి, ఆ గుడ్డ కేసి చూశాడు. తల దించేసుకున్నాడు. "క్షమించండమ్మా" అన్నాడు. అందులో క్షమించడానికేముందో నాకర్థం కాలేదు. అక్క రెండో చెయ్యి కూడా గుచ్చి, లోపలికి వెళ్ళింది. సాయంత్రం అన్నం ముట్టలేదు. కొత్తవాళ్ళ ముందు మొహమాటం తనకి, ఎప్పుడూ ఉన్నదే.

మార్చి 19

పెట్టెలో అక్క లేదు.

నిన్నంతా కోటు పనిలో పడి పెట్టలేదు. ఇవాళ పెడితే ఒక్కటంటే ఒక్కటి లేదు. కొత్తదేదో ఒకటుంది, అది మా దుకాణం చప్పుడు, ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు. తీసి పెట్టాను, ఆపి పెట్టాను, ప్లగ్గు మార్చాను. కరెంటు హెచ్చుతగ్గుల వల్ల అయ్యుంటుంది. రేపు తమ్ముడికి చూపిస్తాను. వాడు బాగుచేస్తాడు.

మార్చి 20

"పొరపాటున పోదు చిన్నక్కా ఇది" అన్నాడు తమ్ముడు. "అన్నీ తుడిచేయాలా అని అడుగుతుంది. అవునంటే, నిజంగా తుడిచేయాలా అని మళ్ళీ అడుగుతుంది. రెండుసార్లూ అవునన్నారు ఎవరో."

"తిరిగి రాదా?"

"వట్టిగా తుడిస్తే వచ్చేదేమో. ఎర్ర బటన్ కూడా నొక్కి వదిలేసినట్టున్నారు. రోజంతా దుకాణం చప్పుడు ఎక్కింది, పాతది ఉన్నచోటే. ఇక రాదు."

ఇంట్లో ఉండేది ఇద్దరం. నేను నొక్కలేదు.

ఇంటికొచ్చి అడిగాను. "నువ్వేనా?"

తలూపింది. తడుముకోలేదు, కళ్ళు దించుకోలేదు.

"నీకేం హక్కుందే?" అన్నాను. ఇంకా చాలా అన్నాను. ఇంత కష్టపడి దాచింది ఎవరి కోసం అన్నాను. ఆ పెట్టె లేకపోతే నాకింట్లో ఎవరున్నారు అన్నాను. ఆ మాట అక్క మొహం మీదే అన్నాను.

మార్చి 21

మాట్లాడలేదు.

మార్చి 22

మాట్లాడలేదు. అక్క కొత్త స్కేలుతో కొట్టింది, నేను వెళ్ళి గొట్టం కడిగి పెట్టాను. మాట్లాడలేదు.

మార్చి 24

తమ్ముడు ఫోన్ చేసి, ఏంటి సంగతులు అన్నాడు. సంగతులేముంటాయి. ఒకరు మాట్లాడలేరు, ఒకరు మాట్లాడరు. గోడలకే విసుగొచ్చి ఏదో ఒకటి అనేలా ఉన్నాయి.

మార్చి 26

పెట్టె వాడికి తిరిగిచ్చేద్దామని దుమ్ము తుడిచి పెట్టాను. ఇచ్చేముందు ఆ ఒక్కటీ విన్నాను, దుకాణం చప్పుడు. అక్క పెరట్లో ఉంది. ఏదో ఒక మూల పాత పాట ముక్కైనా మిగిలిందేమోనని, నిజం చెప్పాలంటే.

పాట లేదు. ఉన్నదంతా నా గొంతే. ఇంత గరగరగా ఉంటుందని తెలియదు.

"అన్నం తిన్నావా? తర్వాత తిందువులే."

"నీలం దారం ఎక్కడ పెట్టావే? సరే, నేనే చూసుకుంటాలే."

"నొప్పిగా ఉందా? మాత్ర వేసుకో."

"ఈ గుండీలు బాగున్నాయా? బాగానే ఉన్నాయిలే."

రోజంతా ఇదే. అడగడం, నేనే జవాబు చెప్పేసుకోవడం. రెంటికీ మధ్య ఊపిరి పీల్చుకునేంత సందు కూడా లేదు. నా మాటలు ఆగినప్పుడు మాత్రం ఆ ఈల లాంటి ఊపిరి వినిపిస్తోంది. దగ్గర్లోనే ఉంది, పాటలప్పటి నుంచీ మిషను దగ్గరే ఉండిపోయిన మైకు పక్కనే. ఒకచోట స్కేలు టక్‌టక్‌మంది. "ఉండవే, వస్తున్నా" అంది నా గొంతు. వచ్చిన అడుగుల చప్పుడు లేదు. కాసేపటికి మళ్ళీ టక్‌మంది, ఈసారి మెల్లగా. తర్వాత ఇంకేం లేదు, మిషను తొక్కడం మొదలైంది.

ఏం అడగడానికి కొట్టిందో గుర్తు లేదు. గుర్తుండడానికి నాకు తెలిస్తే కదా.

మార్చి 27

పెరట్లోకి వెళ్ళి అక్క ఎదురుగా కూర్చున్నాను. పక్కన కాదు, ఎదురుగా. తను చొక్కాకి కాజాలు కుడుతోంది. తప్పు నాదే అని చెబుదామని వెళ్ళాను. దారిలో రెండుసార్లు మనసులో అనుకున్నాను కూడా. తీరా నోరు తెరిస్తే వచ్చింది వేరే.

"నాకు నీ గొంతు కావాలే అక్కా" అన్నాను. చిన్నపిల్లలా. సిగ్గు లేకుండా.

అక్క సూది గుడ్డకి గుచ్చి పక్కన పెట్టింది. పెదాలు కదిపింది.

తెలియలేదు. "సరేలే" అని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"మళ్ళీ అను."

మళ్ళీ అంది. చిన్న మాటే. రెండో మూడో ముక్కలు. తెలియలేదు. అక్క మొహాన్ని ఇంత దగ్గరగా చూసి ఎన్నాళ్ళైందో. కళ్ళ కింద నల్లబడింది. పెదవి అంచున గుండుసూది గీరిన చిన్న గాటు. నేను చూస్తూ ఉండగా ఎప్పుడు పడిందది?

"ఇంకోసారి. మెల్లగా."

విసుక్కోలేదు. పసిపిల్లకి అన్నం ముద్ద ఎలా నమలాలో చూపించినట్టు, ఒక్కో అక్షరానికీ పెదాలు తెరిచి మూసి, నా కళ్ళలోకి చూస్తూ అంది.

"నాకూ కావాలే."

డాక్టరు చెప్పిన రోజు నుంచి ఇవాళ్టిదాకా, నీకెలా ఉందే అని ఈ ఒక్క విషయంలో నేను అక్కని అడగలేదు. పోయింది నాదే అనుకున్నాను. అక్కకి రోజూ వినిపించాను, వచ్చినవాళ్ళందరికీ వినిపించాను, తన ముందే.

ఇద్దరం ఏడ్చాం. వినిపించింది నాది ఒక్కటే. అందుకని నేను ఆపి, అక్క మొహం చూస్తూ కూర్చున్నాను.